నల్లకోటు చెప్పే నేల పాఠం

ఆదోని చుట్టూ పత్తి చేలల్లో హద్దురాళ్లు లేస్తే ప్లాట్లు పడ్డాయని అర్థం. రిజిస్ట్రేషన్ అయింది కదా, ఇంకేం భయమనుకుంటాం. అక్కడే పొరపాటు! రిజిస్ట్రేషన్ వేరు, లేఅవుట్ అనుమతి వేరు.

ఈ అనుమతుల సంగతి చూసే పట్టణ ప్రణాళిక చట్టం 1920లో మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టింది. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్రలోకి వచ్చింది.

ప్లానింగ్ కోర్సుల్లో ఈ చట్టం ఓ పాఠం. సెక్షన్లు పుస్తకంలోనూ ఉంటాయి. పార్కుకు వదిలిన జాగాలో ఇల్లెలా లేచిందో, కొన్నవాళ్లు ఏ కాగితం చూడలేదో మాత్రం కేసులు వాదించినవాళ్లకే తెలుసు. అందుకే వారానికి రెండు గంటలైనా కోర్టు నుంచి న్యాయవాది వచ్చి చెబితే ఆ క్లాసు తీరే వేరు.

అలాంటి గంట ఆదోని కాలేజీల్లోనూ ఉంటే, అడ్వాన్సు ఇవ్వబోయే తండ్రిని పిల్లలే ఆపుతారు: ‘‘నాన్నా, లేఅవుట్ నంబరు చూశావా?’’