కిక్కిరిసిన ఆటోలో వెళ్లినా పరిహారం హక్కే!

నాట్ల రోజులొస్తే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో తెల్లారకముందే కూలీల ఆటోలు కదులుతాయి. ముగ్గురెక్కాల్సిన దాంట్లో పదిమంది! అది బోల్తా పడితే 'ఎక్కువమంది ఎక్కారుగా, ఇన్సూరెన్స్ రాదు' అనేస్తారు. అందులో నిజం సగమే. కిక్కిరిసిన బస్సు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు 2007లోనే దీన్ని తేల్చింది. ఆ లెక్కన ముగ్గురికే బీమా ఉంటే, మంజూరైన వాటిలో పెద్దవైన మూడు పరిహారాల మొత్తాన్ని కంపెనీ కట్టాలి. దాన్ని బాధితులందరికీ దామాషాలో పంచుతారు. మిగతాది ఆటో యజమాని నుంచి రాబట్టుకోవాలి. (అతని దగ్గరేముంటుందన్నది వేరే బాధ!)

కేసు కోసం ప్రమాదం జరిగిన ఊరికే తిరగనక్కర్లేదు. మీరుండే ప్రాంతపు ట్రైబ్యునల్లోనూ వేయొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో గడువు ఆరు నెలలు. లాయరుకు డబ్బుల్లేవా? మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. ఫోన్ నంబరు 15100.