బ్రిటను విద్యార్థి సంఘములు: రాత్రి వేడుకలు, ఎన్నికల సందడి

నేడు మన పల్లెలలో పెక్కు కుటుంబములవారికి బ్రిటను దేశమందలి విశ్వవిద్యాలయములతో సంబంధ మేర్పడినది. పొలము తాకట్టు పెట్టియో, బ్యాంకులో అప్పు తీసికొనియో, కొడుకునో మనుమరాలినో లీడ్సునకు, మాంచెస్టరునకు, లండనునకు పంపిన పెద్దలు అనేక గ్రామములలో కానవచ్చుచున్నారు. ఆ పిల్లలు అక్కడినుండి టెలిఫోనులో మాటలాడునపుడు ‘యూనియను’ అను పేరు అప్పుడప్పుడు వినబడుచుండును. ‘నిన్న రాత్రి యూనియనులో డాన్సు జరిగినది, నిద్ర లేదు’ అని యొకనాడు చెప్పుదురు. ‘యూనియను ఎన్నికలు వచ్చినవి, దారిని నడువనిచ్చుట లేదు’ అని మఱొకనాడు విసుగుకొందురు. వినిన పెద్దలకు సందేహము కలుగుట సహజము. చదువుకొనుటకు పంపితిమి గదా, ఈ నృత్యము లెందుకు, ఈ వోట్లెందుకు? సంఘమనగా సమ్మెలు చేయునదా, లేక సారాయి అమ్మునదా? ఈ సందేహములను తీర్చుటయే ఈ ప్రసంగమున నా యుద్దేశము.

మొదట సంఘమన నేమో తెలిసికొందము. బ్రిటను విశ్వవిద్యాలయములలో విద్యార్థులు కూడి వాదప్రతివాదములు సలుపు సభలు చిరకాలమునుండి యున్నవి. కేంబ్రిడ్జిలో 1815లోను, ఆక్స్‌ఫర్డులో 1823లోను స్థాపింపబడిన యూనియనులు అట్టి వాదసభలే. అవి ప్రధానముగా వక్తలకు సాధనశాలలు. విద్యార్థులందఱి పక్షమున అధికారులతో మాటలాడు ప్రతినిధిసభ వేఱు. అట్టి సభ స్కాట్లండునందలి ఎడింబరోలో 1884లో నేర్పడినది. 1889లో చేసిన స్కాట్లండు విశ్వవిద్యాలయముల చట్టము అట్టి సభలను గుర్తించెను. పిమ్మట 1922లో వేర్వేఱు విశ్వవిద్యాలయముల సంఘములు కూడి జాతీయ విద్యార్థి సంఘముగా నేర్పడినవి.

ఇప్పటి సంఘములకు ఆధారము 1994లో పార్లమెంటు చేసిన విద్యాచట్టము. దాని ప్రకారము సంఘము న్యాయముగా నడచునట్లు చూచు బాధ్యత విశ్వవిద్యాలయ పాలకమండలిది. ముఖ్యపదవులకు సభ్యులందఱును రహస్యముగా వోటు వేసి యెన్నుకొనవలెను. జీతముగల పదవిలో ఒక మనుష్యుడు మొత్తముమీద రెండేండ్లకు మించి యుండరాదు. సంఘములో చేరనొల్లని విద్యార్థికి చేరకుండు హక్కు గలదు. చేరలేదను కారణమున వానికి అన్యాయముగా నష్టము కలుగరాదు. ఆదాయవ్యయముల లెక్కలు ప్రకటింపబడవలెను. ఫిర్యాదు చేసికొనుటకు మార్గ ముండవలెను. ఇంత కట్టుబాటులో నున్న సంస్థ కేవలము అల్లరిమూక కాదని పెద్దలు మొదట గ్రహింపవలెను. పరీక్షలో అన్యాయము జరిగినదన్నను, ఇంటి యజమాని బయానా సొమ్ము తిరిగి యీయలేదన్నను, విద్యార్థికి ఉచితముగా సలహా చెప్పువారు పెక్కు సంఘములలో నున్నారు. పరదేశమందున్న మన పిల్లలకు ఇది చిన్న మేలు కాదు.

ఇక రాత్రి వేడుకల సంగతి. సంఘమునకు విశ్వవిద్యాలయము కొంత ద్రవ్యము నిచ్చును. అది చాలనిచోట సంఘము తానే అంగడి, కాఫీశాల, పానశాల, నృత్యశాల నడిపి సంపాదించుకొనును. ఆ దేశమున పదునెనిమిదేండ్లు నిండినవానికి మద్యము కొనుట చట్టసమ్మతము. కావున విద్యార్థులు ఊరిలోని పానశాలలకు పోవుటకంటె తమ యావరణములోనే, తక్కువ ధరకు, కాపలావారి కన్నులయెదుట వినోదించుట మేలని పూర్వము పెద్దలే తలచిరి. వచ్చిన లాభము క్రీడలకును, చిన్నచిన్న సమాజములకును వినియోగపడుచుండెను. ఆ శాలలలో మంచి సంగీతమును జరిగినది. ‘ది హూ’ అను ప్రసిద్ధ గాయకబృందము 1970 ఫిబ్రవరి 14వ తేదీని లీడ్సు విశ్వవిద్యాలయ భోజనశాలలో చేసిన కచేరిని గ్రామఫోను రికార్డుగా వెలువరింపగా, అది జగత్ప్రసిద్ధమయ్యెను.

అయినను విద్యార్థుల ఫిర్యాదులు నిరాధారములు కావు. సెప్టెంబరు చివరనో, అక్టోబరు మొదటనో చదువు ప్రారంభమగునపుడు క్రొత్తవారిని ఆహ్వానించు వారము జరుపుదురు. ఆ వారములోనే స్నేహములు కుదురును. ఆ వేడుకలలో ఎక్కువభాగము రాత్రివేళ పానశాలలోనే జరిగినచో, త్రాగని పిల్లవాడు గోడప్రక్కన నిలిచి చూచి గదికి మరలి వచ్చును. మతముచేత కాని, ఇంటి యాచారముచేత కాని, తన యిష్టముచేత కాని మద్యము ముట్టనివానికి ఆ మొదటివారమే తాను పరాయివాడనను భావము కలుగును. ఇంతేకాక, విద్యార్థి వీసాపై డిగ్రీ చదువు విదేశీయులు పాఠములు జరుగు కాలమున వారమునకు సాధారణముగా ఇరువది గంటలకు మించి పని చేయరాదని నియమము. ఆ ఇరువది గంటలును మన పిల్లలలో పెక్కుమంది సాయంకాలములందును, సెలవుదినములందును, అంగడులలోను, భోజనశాలలలోను గడుపుచున్నారు. ఇతరులు నృత్యశాలకు పోవు సమయమున వీరు గిన్నెలు కడుగుచుందురు. వేడుక వీరికొఱకు కాదు. దాని చప్పుడు మాత్రము వీరి కిటికీలోనికి వచ్చును.

న్యాయముగా మఱియొక మాట చెప్పవలెను. కాలము మారుచున్నది. ఆ దేశపు యువకులలో మద్యము ముట్టనివారి సంఖ్య గతశతాబ్దాంతముతో పోల్చినచో పెరిగినది. అందుచేత అనేక సంఘములు మద్యము లేని కూటములను, వంటకముల విందులను, పగటి విహారములను, దీపావళివంటి పండుగలను గూడ ఏర్పాటు చేయుచున్నవి. కాని యే వేడుకకు ఎంత సొమ్ము పోవలెనో నిర్ణయించునది యెవరు? ఎన్నుకోబడినవారు. ఇక్కడనే రాత్రి సంగతియు ఎన్నికల సంగతియు ఒకదానితో నొకటి ముడిపడుచున్నవి.

ఈ యెన్నికలు చాలచోట్ల ఫిబ్రవరి, మార్చి మాసములలో జరుగును. అధ్యక్షుడు, విద్యావిషయముల యధికారి, క్షేమవిషయముల యధికారి మొదలగు పదవులలో కొన్నింటికి సంవత్సరమంతయు జీతముండును. ఆ సంవత్సరము చదువు నిలిపి యైనను, ముగించి యైనను ఆ పని చేయుదురు. అభ్యర్థులు అట్టముక్కలపై తమ పేర్లు వ్రాసి మెడకు తగిలించుకొందురు, విచిత్రవేషములు ధరింతురు, కాలిబాటలపై సుద్దతో వ్రాయుదురు, మిఠాయిముక్కలు పంచుదురు. వోటు కంప్యూటరుమీదనో, చేతిఫోనులోనో వేయుదురు గనుక, గ్రంథాలయమునకు పోవువానిని దారిలో నాపి, ‘ఫోను తీయుము, ఇప్పుడే వోటు వేయుము’ అని బలవంతపెట్టుటయు కలదు. ఇట్టి నిర్బంధమును నిషేధించు నియమములు పెక్కుచోట్ల నున్నను, నియమ మున్నచోట నెల్ల నడత యుండదు గదా. వాగ్దానములును అట్లే. గ్రంథాలయము మఱి రెండుగంటలు తెఱచి యుంచునట్లు అడుగుదుమనుట సంఘము చేయదగిన పని. చదువు రుసుమును తగ్గింతుమనుట దాని చేతిలో లేని పని. రెండును ఒకే రంగుకాగితముమీద ఒకే గొంతుతో చెప్పబడును.

ఈ సందడికి విసిగి చాలమంది వోటే వేయరు. నలుగురిలో ఒక్కరైనను వేయని సంఘములు అనేకము. తత్ఫలితమేమి? క్రీడాజట్టులవారు, నృత్యశాలలో నలుగురికి పరిచితులైనవారు, పెద్ద మిత్రబృందము గలవారు సులభముగా గెలుతురు. వారు చెడ్డవారు కాకపోవచ్చును. కాని తా మెఱిగిన సుఖమునే అందఱి సుఖమని యనుకొందురు. అందుచేత మరుసటి సంవత్సరము గూడ వేడుకలు అట్లే యుండును. దూరముగా నున్నవారు మఱింత దూరమగుదురు. మఱల వోటు వేయరు. మన పిల్లలలో పలువురు ఒక్క సంవత్సరపు ఎం.ఏ., ఎం.ఎస్‌సీ. చదువులకు పోయినవారు. సెప్టెంబరులో వచ్చి మరుసటి సెప్టెంబరులో ముగించువానికి ‘ఈ యూనియనుతో నాకేమి పని’ యను భావము సులభముగా కలుగును. కాని వాని ఫిర్యాదు తీరకుండుటకు వాని మౌనమును ఒక కారణమే.

ఈ యెన్నికలలో మనము నేర్చుకొనదగిన రెండు పద్ధతులు గలవు. మొదటిది ప్రాధాన్యక్రమమున వోటు వేయుట. వోటరు ఒక్కని పేరే కాక, మొదట ఎవరు, తరువాత ఎవరు అని వరుస సంఖ్య లిచ్చును. ఒక ఉదాహరణము చెప్పెదను. నూఱు వోట్లలో రామునికి 40, సోమునికి 35, భీమునికి 25 వచ్చినవనుకొందము. మన పద్ధతిలో రాముడు గెలిచినట్లే. అఱువదిమంది అతనిని కోరకపోయినను సరే. అక్కడి పద్ధతిలో ఎవ్వరికిని సగమునకు మించి రాలేదు గనుక, కడపటి వాడగు భీముని తొలగించి, అతనికి వేసిన 25మంది రెండవ కోరిక యేమో చూతురు. వారిలో 18మంది సోముని, 7గురు రాముని కోరిరనుకొందము. అప్పుడు సోమునికి 53, రామునికి 47. సోముడు గెలుచును. రెండవది, అభ్యర్థుల పేర్ల క్రింద ‘నామినేషనులను మరల తెఱువుడు’ అను నొక పంక్తి. దానినే అభ్యర్థిగా లెక్కింతురు. అది గెలిచినచో ఎన్నిక మొదటినుండి మరల జరుపవలెను. మన దేశమున 2013 నుండి శాసనసభా, లోక్‌సభా ఎన్నికలలో నోటా యను మీట యున్నది. కాని నోటాకు అందఱికంటె ఎక్కువ వోట్లు వచ్చినను, తరువాతి యభ్యర్థియే గెలిచినట్లగును. అక్కడి పంక్తికి బలమున్నది. మన మీటకు అట్టి బలము లేదు.

మన దేశపు విద్యార్థి ఎన్నికలను గూడ తలచుకొనుట న్యాయము. ధనము, దౌర్జన్యము మితిమీరినవను ఫిర్యాదులపై పూర్వపు ప్రధాన ఎన్నికల కమీషనరు లింగ్డో గారి అధ్యక్షతన నొక సంఘము నియమింపబడినది. దాని సూచనలను సుప్రీంకోర్టు 2006లో అమలు చేయుమని యాజ్ఞాపించెను. అభ్యర్థి వ్యయము ఐదువేల రూపాయలకు మించరాదు. అచ్చు ప్రకటనలు కూడవు, చేతితో వ్రాసినవే యుండవలెను. అభ్యర్థికి నూటికి 75 వంతుల హాజరుండవలెను. ఇవి వానిలో కొన్ని. అయినను 2024 సెప్టెంబరులో ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘమునకు ఎన్నిక జరిగినపుడు, గోడలనిండ అభ్యర్థుల ప్రకటనలు, వ్రాతలు నిండగా, వానిని తుడుచువఱకు వోట్లు లెక్కింపరాదని ఢిల్లీ హైకోర్టు నిలిపివేసెను. ఫలితములు నవంబరు 25వ తేదీనిగాని వెలువడలేదు. మన తెలుగు రాష్ట్రములలోనన్ననో, 1980 దశకాంతమునుండి పెక్కు కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను ఇట్టి యెన్నికలే లేవు. కావున మన పిల్లవాడు తన విద్యాలయమున మొదటిసారి వోటు చూచునది పరదేశములోనే కావచ్చును.

ఎన్నికలు మానుటయే మందని కొందఱందురు. మన గ్రామములలో పోలింగునకు ముందురాత్రి సారాయి పోయించువారిని మన మెఱుగుదుము. అందుచేత పంచాయతీ యెన్నికలే వలదని మనము తీర్మానించితిమా? లేదు. త్రాగించినవానిని గుర్తుంచుకొనుట, పని చేసినవానికి వోటు వేయుట నేర్చుకొనవలెనని చెప్పుచున్నాము. ఇరువదేండ్ల ప్రాయమున చిన్న సంఘములో ఈ వివేకము నలవఱచుకొననివాడు నలువదేండ్లకు పెద్ద రాజ్యములో ఎట్లు నేర్చును?

కావున మీ పిల్లలు ఈసారి ఫోను చేసి విసుగుకొన్నపుడు గద్దింపకుడు. ‘ఆ గొడవ మనకెందుకు’ అనియు అనకుడు. మూడు ప్రశ్న లడుగుడు. నిలిచినవారిలో ఎవని వాగ్దానము సంఘము చేతిలోనున్న పని? త్రాగని వానిని, రాత్రి పనికి పోవువానిని తలచినవా డెవడు? నీవు వోటు వేసితివా? ఎవ్వరును తగినవారు కానిచో ఆ కడపటి పంక్తి యున్నదని జ్ఞాపకము చేయుడు. విద్యార్థి వీసాపైనున్న విదేశీయుడు సయితము ఎన్నికై, రెండేండ్లవఱకు ఆ సంఘపు జీతపు పదవిలో పని చేయుటకు అక్కడి నియమములు అనుమతించుచున్నవి. అనగా తలుపు మూసి లేదు. రాత్రి చప్పుడునకు కిటికీ మూసికొని చదువుకొనుట మంచిదే. కాని వోటు వేయుదినమున మాత్రము ఆ పిల్లవాడు తలుపు తెఱచుకొని బయటికి రావలెను. అట్లు రమ్మని చెప్పవలసినవారు ఇంట నున్న పెద్దలు.