అమ్మీ ట్రిబ్యునల్‌కు వెళ్తే.. పక్కన ఎవరుండాలి?

హైదరాబాద్, యాకుత్‌పురా: కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. ఖర్చుకు డబ్బులు పంపడం మానేశాడు. మకాన్ ఎప్పుడో అతని పేరు మీదకు పోయింది. గల్లీలో ఎవరో చెప్పారు.. ‘ఆర్డీఓ సాబ్ దగ్గర దరఖాస్తు పెట్టండి అమ్మీ, వకీల్ అక్కర్లేదు’ అని. అరవై దాటిన పెద్దావిడ నఖాబ్ సర్దుకుని బయల్దేరింది అనుకుందాం. ఆమెకు వచ్చింది ఉర్దూ ఒక్కటే. అక్కడి కాగితాలేమో తెలుగులో, ఇంగ్లిష్‌లో. అసలు ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

ఏమిటీ ట్రిబ్యునల్?

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూసుకోకపోతే నెలనెలా ఖర్చు ఇప్పించే అధికారం ఈ చట్టం ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. అది నెలకు 10,000 రూపాయలు మించకూడదు. నోటీసు అందిన 90 రోజుల్లో కేసు తేల్చాలి. తప్పనిసరైతే ఇంకో 30 రోజులు పొడిగించొచ్చు. కొడుకు విదేశంలో ఉన్నా సమన్లు పంపే దారి చట్టంలోనే ఉంది. మతంతో సంబంధం లేదు, అందరికీ ఒకటే చట్టం.

వకీల్ లేకపోతే తోడెవరు?

17వ సెక్షన్ ప్రకారం ఇక్కడ ఏ పక్షం తరఫునా వకీల్ వాదించకూడదు. కేరళ హైకోర్టు 2021లో ఈ నిబంధనను తప్పుపట్టింది కానీ చట్టంలో ఆ మాట అలాగే ఉంది. ఖర్చు తగ్గాలన్నదే దీని ఉద్దేశం. కానీ భాష రాని, ఆఫీసుల అలవాటు లేని మనిషి ఒంటరిగా మిగిలిపోవడానికీ ఇదే కారణం అవుతోంది.

చట్టం రాసినవాళ్లు ఈ సంగతి మరిచిపోలేదు. రెండు దారులు పెట్టారు. ఒకటి, 18వ సెక్షన్. తల్లిదండ్రులు కోరితే విచారణలో వారి తరఫున మెయింటెనెన్స్ ఆఫీసర్ నిలబడాలి. జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి లేదా ఆ హోదాకు తగ్గని అధికారిని ఇందుకు నియమిస్తారు. రెండు, 5వ సెక్షన్. పెద్దవాళ్లు స్వయంగా దరఖాస్తు చేసుకోలేకపోతే వారు అధికారం ఇచ్చిన మనిషి గానీ, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ గానీ చేయొచ్చు. అంటే బస్తీలోని రిజిస్టర్డ్ సొసైటీ కూడా ఈ పని చేయొచ్చు. కానీ ‘కోరితే’ అన్న మాటలోనే ఉంది చిక్కంతా. కోరాలని తెలియనివాళ్లు ఎలా కోరతారు?

ఉర్దూలో మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు. 2017లో చేసిన సవరణతో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. ప్రభుత్వం ఉర్దూ అధికారులను కూడా నియమించింది. కాబట్టి అర్జీ ఉర్దూలో ఇవ్వడానికీ, ‘నాకు ఉర్దూలో చెప్పండి’ అని అడగడానికీ వెనకాడాల్సిన పని లేదు.

జాగ్రత్త అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యేది రాజీ దగ్గర. విచారణకు ముందు కేసును కన్సిలియేషన్ ఆఫీసర్‌కు పంపొచ్చు. ఒప్పందం కుదిరితే దాని ప్రకారమే ఆర్డర్ వస్తుంది. ‘ఇంటి గొడవ ఇంట్లోనే తేల్చుకోండి’ అని చుట్టాలు తొందరపెడితే, చదవలేని కాగితం మీద అమ్మీ వేలిముద్ర వేసేస్తుంది. అందులో నెలకు ఎంత రాశారో ఆమెకు తర్వాత తెలుస్తుంది. మొత్తం ఉర్దూలో చదివి వినిపించే వరకు సంతకం పెట్టకూడదు. వినిపించే మనిషి కొడుకు తరఫువాడు కాకూడదు.

పరదా సంగతి

సివిల్ ప్రొసీజర్ కోడ్ 132వ సెక్షన్ 1908 నుంచీ ఉంది. ఆచారం ప్రకారం బయటికి రాని మహిళలకు కోర్టుకు స్వయంగా రావడం నుంచి అది మినహాయింపు ఇస్తుంది. అది సివిల్ కోర్టుల కోసం రాసింది. అయినా ట్రిబ్యునల్ ముందు మర్యాదగా ఒక విన్నపం పెట్టుకోవడానికి పనికొస్తుంది. గుర్తింపు కోసం ముఖం చూపాల్సి వస్తే మహిళా సిబ్బంది ముందు, పక్క గదిలో చూపుతామని అడగొచ్చు. తేదీ జుమా రోజు పడితే నమాజ్ వేళ తప్పించమనీ కోరొచ్చు.

ఇవి ప్రత్యేక సౌకర్యాలేం కావు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర ట్రిబ్యునల్‌లో అక్కడి ఆదివాసుల కోసం వారి సముదాయానికే చెందిన సిబ్బంది ఉంటారు. విచారణలో ఏం జరుగుతుందో ముందే చెబుతారు, ఆ రోజు వెంట ఉంటారు. భయపడే మనిషి నిజం కూడా సరిగ్గా చెప్పలేదని వాళ్లు గుర్తించారు.

హిబా చేసిన ఇల్లు తిరిగొస్తుందా?

23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయొచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లి కేసులో గిఫ్ట్ డీడ్‌ను ఇలాగే రద్దు చేసి ఇల్లు తిరిగి ఇప్పించింది. మన ఇళ్లలో హిబా చాలాసార్లు నోటిమాటగా జరుగుతుంది. అలాంటప్పుడు షరతు పెట్టినట్టు రుజువు చేయడం కష్టం. అందుకే ఇచ్చే రోజే ‘నన్ను చూసుకోవాలి’ అని రాయించుకోవడం మంచిది.

వెళ్లే ముందు ఇవి గుర్తుంచుకోండి

• మెయింటెనెన్స్ ఆఫీసర్ తోడు కావాలని దరఖాస్తులోనే రాయండి.
• ఆధార్, వయసు రుజువు, ఇంటి కాగితాలు, మందుల బిల్లుల జిరాక్స్‌లు పెట్టుకోండి.
• కేసు తేలేలోపు మధ్యంతర ఖర్చు కూడా అడగండి.
• ఆర్డర్ నచ్చకపోతే 60 రోజుల్లో అప్పీల్ చేయండి.
• వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567, ఉచిత న్యాయ సలహాకు 15100. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం.

పక్కింటి పెద్దావిడకు ఇలాంటి నోటీసు వస్తే ఆ రోజు ఆమె వెంట వెళ్లండి. కాగితం చదివి వినిపించే మనిషి ఒక్కరున్నా చాలు.