నీలం రూపాయి, నల్ల పది, ఎర్ర ఐదు

మొన్న కరీంనగర్ కూరగాయల మార్కెట్లో ఒక అవ్వ దగ్గర చిక్కుడుకాయ కొన్నాను. చిల్లర కింద రెండు రూపాయి బిల్లలు చేతిలో పెట్టింది. ఒకటి అందరూ ఎరిగిన తెల్ల రూపాయే. రెండోది నీలం. అంచు పొడుగునా నెమలి కంఠం రంగు, లోపలికి వచ్చేకొద్దీ వంకాయ రంగు, సింహాల బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎండుగడ్డి పసుపు. గోటితో గీకినా రంగు రాలలేదు. తిప్పి తిప్పి చూస్తుంటే అవ్వకు అనుమానం వచ్చింది. "నడుస్తది బిడ్డా, రంగు మారింది గంతే. వద్దంటే ఇంకోటి ఇస్త" అన్నది. నేనెందుకు వద్దంటాను! ఇంటికొచ్చి, ఏళ్ళుగా రంగు మారిన చిల్లర దాచుకుంటున్న డబ్బా తీసి బల్ల మీద కుమ్మరించాను. ఇక్కడ చెప్పబోయే వాటిలో చాలామటుకు ఆ బల్ల మీదివే.

అన్నిటికంటే అందమైనది

1992 నుంచి రూపాయి బిల్లలు స్టెయిన్‌లెస్ స్టీలుతో వస్తున్నాయి. నూటికి 83 పాళ్ళు ఇనుము, 17 పాళ్ళు క్రోమియం. ఆ క్రోమియం వల్ల బిల్ల మీద కంటికి ఆననంత పలచని పొర ఏర్పడి తుప్పు నుంచి కాపాడుతుంది. బిల్ల నిప్పులో పడితే ఆ పొర మందమవుతుంది. వెలుతురు పొర పైనుంచి కొంత, అడుగునుంచి కొంత తిరిగొస్తుంది. ఆ రెండూ కలిసినప్పుడు మనకు రంగు కనిపిస్తుంది. వాన నీళ్ళలో పెట్రోలు చుక్క పడితే సింగిడి రంగులు తేలేది కూడా ఇలాగే. ఈ స్టీలు 300 డిగ్రీల దగ్గర లేత పసుపు తిరుగుతుంది, 400 దాటాక ఊదా, 540 దగ్గర నీలం. అంటే నా రూపాయి అంచు బాగా కాగింది, నడుమ అంత కాగలేదు. పైపూత ఎంతమాత్రం కాదు.

చెత్త కుప్ప మంట చాలు, కట్టెల పొయ్యి చాలు ఇంత వేడికి. ఇంకో దారి కూడా ఉంది. మన దిక్కు పోయినవాళ్ళ నొసట రూపాయి బిల్ల పెడతారు. పాడె వెంట పేలాలతో పాటు చిల్లర చల్లుతారు. నొసటి బిల్ల ఒక్కోసారి చితి దాకా పోతుంది. తరువాత బూడిదలో దొరికి మళ్ళీ బజారుకు వస్తుంది. అవ్వను ఆ మాట అడగబుద్ధి కాలేదు.

బొగ్గులా మారినవి

రైలు నిజామాబాద్ దాటి బాసర చేరబోతుండగా గోదావరి వంతెన వస్తుంది. వంతెన మోత వినపడగానే బోగీలో అందరి చేతులూ జేబుల్లోకి పోతాయి. ధర్మపురిలోనూ, కాళేశ్వరంలోనూ మునక వేసినవాళ్ళు బిల్ల వేయకుండా గట్టెక్కరు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో గోదావరిని గోదావరి అనేవాళ్ళు తక్కువ, గంగ అంటారు. గంగకు ఇచ్చిన ఆ పైకం కొంత మళ్ళీ మన జేబుల్లోకే తిరిగొస్తుంది, కానీ నల్లబడి వస్తుంది.

ఒడ్డు పక్క ఒండ్రులో పూలు, ఆకులు కుళ్ళుతుంటాయి. గాలి తగలని ఆ బురదలో కోడిగుడ్డు మురిగిన వాసన కొట్టే వాయువు పుడుతుంది. అందులోని గంధకం రాగిని పట్టుకుంటే నల్లటి పొర కడుతుంది. పసుపు ఐదు రూపాయల బిల్లలో నూటికి 75 పాళ్ళు రాగి, పది రూపాయల బిల్ల బయటి వలయంలో 92 పాళ్ళు. స్టీలు రూపాయి, రెండు రూపాయల్లో రాగి వీసమెత్తు కూడా లేదు. అందుకే నా డబ్బాలో బొగ్గు రంగువన్నీ ఐదులూ పదులే. పక్కనున్న రూపాయలకు మహా అయితే గోధుమ రంగు మచ్చలు పడ్డాయి.

రేవుల దగ్గర తాడుకు అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసిరే పిల్లలను చూసే ఉంటారు. వాళ్ళ అయస్కాంతానికి అంటుకొని వచ్చేవి స్టీలు బిల్లలు. 2009 నుంచి వస్తున్న పసుపు ఐదు అయస్కాంతానికి అంటదు. దాన్ని ఇసుకలో చేతులతో దేవుకోవలసిందే. 1988లో చారాణా, ఆఠాణా బిల్లలు స్టీలుకు మారాయి. దానికి ముందు కొన్నేళ్ళు అయస్కాంతంతో ఈ పని అంతగా సాగేది కాదు. అప్పట్లో అచ్చయ్యే రూపాయి, ఆఠాణా, చారాణా రాగి నికెల్ కలిపినవి, చిన్న పైసలేమో అల్యూమినియంవి.

రాగి బిల్ల వేస్తే నీళ్ళు శుభ్రపడతాయని పెద్దవాళ్ళు చెబుతారు. రాగి పైసలున్న కాలం మాట అది. చిన్న పైసల్లో రాగి నిండుగా ఉన్నది 1957 నుంచి 1962 దాకా వచ్చిన ఒక నయా పైస, కంచుది. ఇప్పుడు రూపాయి బిల్ల వేస్తే గంగకు చేరేది ఇనుము.

ఎర్ర ఐదు, పచ్చ ఇరవై

డబ్బాలో ఒక ఐదు రూపాయల బిల్ల సగం పసుపు, సగం రాగిచెంబు ఎరుపు. దీని సంగతి నేనే పరీక్ష చేసి చూశాను. మంచి బిల్ల ఒకటి తీసుకొని చింతపండు పులుసులో సగం మునిగేటట్టు రెండు రాత్రులు నిలబెట్టాను. మునిగిన సగం ఎర్రబడింది. ఈ బిల్ల ఇత్తడిలో రాగితో పాటు జింకు ఉంటుంది. పులుపు జింకును ముందు తినేస్తుంది, పైన రాగి మిగులుతుంది. బ్యాటరీలు బాగుచేసే చోట యాసిడ్ చుక్క పడినా ఇదే జరుగుతుంది.

మా అమ్మ పూజ పెట్టెలో తామర పువ్వు అచ్చు వేసిన ఇరవై పైసల బిల్లలు ఉండేవి. 1968 నుంచి 1971 దాకా వచ్చినవి. లక్ష్మీదేవి కూర్చునే పువ్వని వాటిని ఎవరూ ఖర్చు పెట్టేవాళ్ళు కాదు. ఏళ్ళ తరబడి నూనె, కుంకుమ, చెమట చేతులు తగిలి వాటి అంచుల్లో పచ్చటి పొడి పేరుకుంది. ఆ పొడి చిలుము. అది రాగికి పట్టేది. చేతికి అంటితే కడుక్కోవాలి, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి.

ఎక్కువ మాట పడ్డది

రంగు మారకపోయినా రంగు మారినదాన్ని చూసినట్టు అందరూ చూసే బిల్ల పది రూపాయలది. ఒకదాని మీద రూపాయి గుర్తు ఉంటుంది, ఇంకోదాని మీద ఉండదు. ఒకదానిలో గీతలు పది, ఇంకోదానిలో పదిహేను. తేడా కనిపించిన వెంటనే "ఇది నకిలీది, నడువది" అనేస్తారు. రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో స్పష్టంగా చెప్పింది: అప్పటికి పది రూపాయల బిల్ల 14 రకాల అచ్చులతో వచ్చింది, 14 రకాలూ చెల్లుతాయి. అయినా ఆర్టీసీ బస్టాండ్ల దగ్గర ఇప్పటికీ ఆ పంచాయితీ నడుస్తూనే ఉంది. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. రోజుకు రెండు మూడు వందలు అమ్ముకునే అవ్వ దగ్గర పది రూపాయల బిల్లలు పోగై, వాటితో ఆమె ఏదీ కొనలేకపోతే ఆ నష్టం ఎవరిది? గంగ బురదలో నల్లబడ్డ పదికైతే తిప్పలు రెట్టింపు.

ఈ తేడాలకు తోడు టంకశాల గుర్తు కూడా మారుతుంది. బిల్ల ఎక్కడ అచ్చయిందో తెలుసుకోవాలంటే సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ఆకారం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏదీ లేకపోతే కోల్‌కతా.

అబద్ధం చెప్పని వెండి

ఆదిలాబాద్ తండాల్లో పెద్ద వయసు లంబాడా ఆడవాళ్ళ మెడల్లో పాత రూపాయల పేరులు ఇంకా కనిపిస్తాయి. వాటి రంగు చూసి కాలం చెప్పవచ్చు. 1939 దాకా వచ్చిన ఇంగ్లీషు రూపాయిలో నూటికి 91.7 పాళ్ళు వెండి. అది నల్లబడినా తుడిస్తే తెల్లటి మెరుపు తేలుతుంది. యుద్ధం వచ్చి 1940లో వెండిని సగానికి దించి, 40 పాళ్ళు రాగి కలిపారు. అవి అరిగినచోట ఎరుపు చాయ తొంగిచూస్తుంది. 1947 రూపాయి నికెల్‌ది, దాని మీద పులి బొమ్మ. అది వెండిలా నల్లబడదు. మన దగ్గర వీటితో పాటు నిజాం హాలీ సిక్కా నడిచేది. చార్మినార్ బొమ్మ వేసిన ఆ రూపాయిలో యుద్ధానికి ముందు 81.8 పాళ్ళు వెండి.

అన్నిటికంటే పాతవి

జేబుల్లోవి కాకపోయినా చెప్పకుండా ఉండలేను. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలం కోటిలింగాల దగ్గర పెద్దవాగు గోదావరిలో కలుస్తుంది. ఆ దిబ్బ మీద దొరికిన బిల్లలను ధర్మపురి సంగనభట్ల నరహరిశర్మ ఓపికగా ఏరి దాచారు. వాటి మీది బ్రాహ్మీ అక్షరాలను పరిశీలించి లోకానికి చెప్పింది శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి. గోబద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు అలా బయటపడ్డాయి. సాతవాహనుల తొలి రాజు పేరు, ఛిముక అని, అక్కడి బిల్లల మీదే చదివారు. అంతకుముందు ఆయన పేరు పురాణాల పట్టికల్లోనూ, నానాఘాట్ గుహ శాసనంలోనూ ఉండేది.

రెండు వేల ఏళ్ళు మట్టిలో ఉన్నవి కదా, రంగు మారకుండా ఎట్లా ఉంటాయి. సీసం బిల్ల మీద బూడిద తెలుపు పొక్కు కడుతుంది, రాగి బిల్ల ఆకుపచ్చబడుతుంది. ఆ పొక్కును ఇటుక పొడితోనో చింతపండుతోనో తోమితే దానితో పాటు అక్షరమూ పోతుంది. ఒక్క అక్షరం పోయినా రాజు పేరు చదవలేం. భూమిలో దొరికిన పాత బిల్లల సంగతి కలెక్టరుకు తెలపాలని చట్టమూ ఉంది.

లక్షలు ఇస్తామనేవాళ్ళు

"మీ దగ్గర ఫలానా బిల్ల ఉంటే లక్షలు" అని ఫోన్లలో తిరిగే మాటలు మన ఊళ్ళ దాకా వచ్చాయి. ముందు ఫీజు కట్టమంటారు, తరువాత కమిషన్ అంటారు, పన్ను అంటారు. తన పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని, అలాంటి కొనుగోళ్ళతో తనకు ఏ సంబంధమూ లేదని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటించింది. నీలం రూపాయి విలువ బజారులో ఒక రూపాయే.

రాబోయే రంగు

గోదావరి పుష్కరాలు 2015 జూలైలో జరిగాయి. అప్పటికి గంగలో పడ్డ చిల్లరలో పెద్దది పది రూపాయల బిల్ల. మళ్ళీ పుష్కరాలు 2027లో. ఈలోగా 12 మూలల ఇరవై రూపాయల బిల్ల వచ్చింది. బరువు 8.54 గ్రాములు, ఇప్పుడు అచ్చయ్యే చిల్లరలో అన్నిటికంటే బరువైనది. పదిలో నడుమ తెలుపు, చుట్టూ పసుపు. ఇరవైలో తారుమారు, నడుమ ఇత్తడి, చుట్టూ రాగి, జింకు, నికెల్ కలిపిన తెల్ల లోహం. రెండింటిలోనూ రాగి ఉంది కానీ పాళ్ళు వేరు, కాబట్టి రెండూ ఒక్క తీరుగా నల్లబడవు. ధర్మపురి రేవు బురదలో ఒక వానాకాలం ఉండి వచ్చిన ఇరవై ఏ రంగులో ఉంటుందో చూడాలని ఉంది. డబ్బాలో దానికి చోటు ఉంచాను.