ఖరగ్‌పూర్ చుట్టూ ఒక కాలినడక

ఖరగ్‌పూర్ అనగానే రైలు ప్రయాణికునికి స్ఫురించేది ఆ స్టేషనులోని ప్లాట్‌ఫారం. 1,072.5 మీటర్ల పొడవు గల ఆ ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పెద్దదిగా పేరు పొందింది. 2013లో ఆ కీర్తి గోరఖ్‌పూర్‌కూ, 2023లో హుబ్బళ్ళికీ దక్కింది. రైలు ఆగిన కొద్ది నిమిషాలలో టీ తాగి తిరిగి పెట్టె ఎక్కేవారికి ఈ ఊరిలో అంతకు మించి కనిపించదు. ఊరిని తెలుసుకోదలచినవారు మాత్రం చలికాలంలో ఒక రోజు తీరిక చేసుకొని కాలినడకన బయలుదేరాలి. రైల్వే కాలనీలు దాటి, హిజ్లీ మీదుగా గోపాలీ గ్రామపు పొలాల దాకా వెళ్ళి, వేరొక దారిన స్టేషనుకు తిరిగివచ్చే ఈ నడకలో ఆయాసపెట్టే ఎత్తులు లేవు. ఉదయం బయలుదేరినవారు సాయంత్రానికి నింపాదిగా తిరిగి రావచ్చు.

గోల్‌బజారు సందడి వెనుకబడగానే రైల్వే కాలనీలు మొదలవుతాయి. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నింపురా: ఇవన్నీ రైలుతోపాటు పుట్టిన పేటలు. ఇక్కడ బాటసారి చెవికి బెంగాలీ, హిందీలతోపాటు తెలుగు వినిపిస్తుంది. అది శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల యాసతో కూడిన తెలుగు. దేశపు నలుమూలల భాషలూ వినిపించే ఈ పట్టణాన్ని 'మినీ ఇండియా' అని పిలవడం పరిపాటి.

తెలుగువారు ఇంత దూరం రావడానికి కారణం రైలుదారే. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ, పందొమ్మిదవ శతాబ్ది ముగిసేనాటికి ఖరగ్‌పూర్‌ను పెద్ద కూడలిగా మలచింది. హౌరాకు ఒక దారి, నాగపూర్ వైపు ఒక దారి, కటకం మీదుగా వాల్తేరుకు మరొక దారి ఇక్కడ కలిశాయి. ఇంజన్లను, పెట్టెలను మరమ్మతు చేసే కర్మాగారం వెలిసింది. వానను నమ్ముకొని బ్రతికే ఉత్తరాంధ్ర కుటుంబాలకు నెలనెలా చేతికందే జీతం పెద్ద అండ. ఒకరు కుదురుకొంటే అతని వెంట తమ్ముడు, బావమరిది, ఊరివారు వచ్చి చేరారు. 1927లో ఈ కర్మాగారంలో కార్మికుల తొలగింపుపై పెద్ద సమ్మె జరిగింది. ఆ కాలంలో ఈ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించినవారిలో వి.వి. గిరి ఒకరు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు.

పూరీ గేటు దాటాక నేల రంగు స్పష్టమవుతుంది. ఛోటానాగపూర్ పీఠభూమి తూర్పున మైదానంలోకి వాలిపోయే అంచు ఇది. అలలు గడ్డకట్టినట్లు మెల్లగా లేచి, మెల్లగా దిగే ఎర్రనేల. ఇనుము కలిసిన గులకమట్టి కనుక దారులు జేగురు రంగులో ఉంటాయి.

ఈ దారిలోనే హిజ్లీ ఉంది. స్వాతంత్ర్య సమరయోధులను విచారణ లేకుండా నిర్బంధించడానికి 1930లో ఇక్కడ ఒక శిబిరాన్ని నెలకొల్పారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలా సిపాయిలు నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించారు. వారి భౌతికకాయాలను తీసుకువెళ్ళడానికి సుభాష్ చంద్రబోస్ స్వయంగా వచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ దారుణాన్ని బహిరంగంగా ఖండించారు. స్వతంత్ర భారతంలో తొలి ఐ.ఐ.టి. 1951లో ప్రారంభమైనది ఈ శిబిరపు భవనంలోనే. నేడు ఆ కట్టడం షహీద్ భవన్‌గా నిలిచి ఉంది. అందులో 1990 నుంచి నెహ్రూ పేరిట విజ్ఞాన ప్రదర్శనశాల నడుస్తున్నది.

విద్యాసంస్థ ఆవరణ దాటితే గోపాలీ వైపు పల్లెసీమ ఆరంభమవుతుంది. వరి కోసిన మళ్ళు, మట్టితో నున్నగా అలికిన ఇండ్లు, అక్కడక్కడ సాలవృక్షాల తోపులు. మనవారు మోదుగాకుతో విస్తళ్ళు కుట్టినట్లే ఈ పల్లెల స్త్రీలు సాలపత్రాలతో కుడతారు. గట్ల మీది ఈతచెట్లకు చలికాలంలో కుండలు వేలాడుతుంటాయి. తెలుగువానికి ఈతచెట్టు అనగానే కల్లు గుర్తుకు వస్తుంది. బెంగాలీ రైతు తెల్లవారకముందే ఆ రసాన్ని దించి, కాచి, సువాసన గల బెల్లం చేస్తాడు. చెట్టు ఒక్కటే, నేల మారితే దాని ఫలం మారింది.

తిరుగుదారిలో తాల్‌బాగిచా వస్తుంది. ఆ పేరుకు తాటితోపు అని అర్థం. అక్కడి నుంచి స్టేషను వైపు మళ్ళిన బాటసారికి రైల్వే క్వార్టర్లు మరల ఎదురవుతాయి. ఉదయం అవి కేవలం ఇండ్లుగా కనిపించి ఉండవచ్చు. కాని ఆ గోడల వెనుక ప్రతి కుటుంబం ఏదో ఒకనాడు ఎదుర్కొనే ప్రశ్న ఒకటి ఉన్నది. ఉద్యోగ విరమణతో క్వార్టరు ఖాళీ చేయాలి. అప్పుడు ఎక్కడికి వెళ్ళాలి? సొంత ఊరిలో తాత విడిచివచ్చిన ఇల్లు ఉండకపోవచ్చు. ఉన్నా పలకరించేవారు మిగలకపోవచ్చు. ఎందరో ఇక్కడే కొద్దిపాటి స్థలం కొని ఇల్లు కట్టుకొన్నారు. బ్రతుకుతెరువుకు వచ్చిన ఊరు ఆ విధంగా సొంత ఊరయింది.

ఇక మిగిలింది భాష. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించడానికి ఆమోదం తెలిపింది. ఇది నూరేండ్లకు పైగా ఇక్కడ చెమటోడ్చినవారికి దక్కిన గౌరవం. అయితే ప్రభుత్వం హోదా ఇవ్వగలదే కాని పిల్లవానిచేత అక్షరాలు దిద్దించలేదు. ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో ఇంగ్లీషో హిందీయో చదివే బిడ్డకు అమ్మమ్మ మాట అర్థమవుతుంది. అమ్మమ్మ వ్రాసిన ఉత్తరం అర్థం కాదు. ఆ ఉత్తరం చదవడం నేర్పే భారం అమ్మానాన్నలదే. గోపాలీ దాకా వెళ్ళిన బాటసారికి స్టేషనుకు తిరిగివచ్చే దారి సాయంత్రానికి దొరుకుతుంది. వలస వచ్చిన కుటుంబాలకు అటువంటి తిరుగుదారి లేదు. వారు వెంట తెచ్చుకొన్న ఊరు వారి మాటలోనే ఉన్నది.