కోయకుండానే లోహం గుట్టు చెప్పే న్యూట్రాన్

వెల్డింగ్ చేసిన ఉక్కు పైపు లోపల ఎంత ఒత్తిడి దాగి ఉందో ఎలా తెలుస్తుంది? కోసి చూద్దామంటే ఆ ఒత్తిడి కాస్తా సడలిపోతుంది, పైపూ పనికిరాకుండా పోతుంది. ల్యాబ్‌లో మామూలుగా వాడే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పైపొర దగ్గరే ఆగిపోతుంది.

న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. అందుకే సెంటీమీటర్ల మందం ఉక్కులోకి దూసుకెళ్లి నేరుగా కేంద్రకాన్ని తాకి చెదురుతుంది. చెదిరిన కోణాన్ని బట్టి పరమాణువుల వరుసల మధ్య దూరం లెక్కగడతారు. ఆ దూరంలో తేడా వచ్చిందంటే అక్కడ ఒత్తిడి ఉన్నట్టే. బాగా చిన్న కోణాల్లో చెదిరినవాటిని పడితే 1 నుంచి 100 నానోమీటర్ల రేణువులు, రంధ్రాల పరిమాణమూ తెలుస్తుంది. అయితే ఫొటో వస్తుందనుకోకండి. చేతికొచ్చేది గ్రాఫే, అందులోంచి నిర్మాణాన్ని రాబట్టడమే అసలు పని. ఈ రంగానికి బాట వేసిన బ్రాక్‌హౌస్, షల్‌లకు 1994లో ఫిజిక్స్ నోబెల్ దక్కింది.

మన దగ్గర ఈ ప్రయోగాలకు ముంబయి ట్రాంబేలోని ధ్రువ రియాక్టరే పెద్ద దిక్కు. యూనివర్సిటీల పరిశోధకులు యూజీసీ-డీఏఈ కన్సార్షియం ద్వారా అక్కడ ప్రయోగాలు చేయొచ్చు. మెకానికల్, మెటలర్జీ విద్యార్థులైతే గేట్ స్కోరుతో బార్క్ ట్రైనింగ్ స్కూల్‌కు ప్రయత్నించొచ్చు. సీట్లు తక్కువే, పోటీ మాత్రం గట్టిది. కోర్ బ్రాంచే కదా అని పైథాన్‌ను పక్కన పెట్టకండి. ఈ డేటాను విశ్లేషించే సాస్‌వ్యూ, మాంటిడ్ సాఫ్ట్‌వేర్లు ఉచితమే, మీ ల్యాప్‌టాప్‌లో ఈ వారమే వేసుకుని చూడొచ్చు.