కాఫీ నీడన కొండ సేద్యం

విశాఖపట్నానికి పడమరగా అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి మీదుగా సాగే తూర్పు కనుమల్లో సేద్యం, అడవి రెండు వేర్వేరు బతుకుదెరువులు కావు. ఒకే కుటుంబం గెడ్డ పక్క పల్లంలో వరి ఊడుస్తుంది. గరువు మీద చోడి, సామ, వలిసెలు చల్లుతుంది. వాలు మీద కాఫీ, మిరియాలు పెంచుతుంది. పొలం పని తగ్గాక అడవి నుంచి చింతపండు, అడ్డాకు, కొండచీపురు, కరక్కాయ తెచ్చి సంతలో అమ్ముతుంది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో భగత, కొండదొర, కోటియ, పోర్జ, కోందు, గదబ కుటుంబాల్లో ఎక్కువ భాగం ఇలాగే బతుకుతున్నాయి. ఎవరిదీ పెద్ద కమతం కాదు.

కొండ సేద్యానికి మొదటి శత్రువు వాలు. మైదానంలో కురిసిన వాన చాలావరకు నిలిచి ఇంకుతుంది. వాలు మీద అదే వాన పరుగు తీస్తుంది, ఆ వేగంతో పైపొర మట్టిని, అందులోని ఎరువును పట్టుకుపోతుంది. చెట్టు కొమ్మలు చినుకు దెబ్బను కాచుకుంటాయి, రాలిన ఆకులు నేలను కప్పుతాయి, వేళ్లు మట్టిని బిగించి పట్టుకుంటాయి. ఆ మూడూ పోతే కొన్నేళ్లలో రాళ్లు తేలతాయి. పోడు పద్ధతికి ఈ సంగతి తెలుసు. ఒక చెక్క నరికి, కాల్చి, రెండు మూడు పంటలు తీశాక దాన్ని ఏళ్ల తరబడి బీడుగా వదిలేసేవారు, అడవి తిరిగి ఎదిగేది. జనం పెరిగి, అడవి శాఖ హద్దులు బిగిశాక ఆ విరామం కుంచించుకుపోయింది. తప్పంతా పోడుదేనన్న వాదన 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కాలం నుంచీ వినిపిస్తోంది. విరామాన్ని హరించిన హద్దుల మాట అందులో తక్కువ. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి కలిసి 1922-24 నాటి మన్యం తిరుగుబాటుకు కారణమయ్యాయి.

పోడుకు బదులుగా వచ్చిన పంటే కాఫీ. తూర్పు కనుమల్లో కాఫీ మొక్క అడుగుపెట్టింది 1898లో, తూర్పుగోదావరి వైపు పాములేరు లోయలో. గిరిజన రైతుల చేతికి అది పెద్దయెత్తున వచ్చింది మాత్రం స్వాతంత్ర్యం తర్వాతే. కాఫీ బోర్డు, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దీని వెనుక నిలిచాయి. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉన్న ఈ లోయల చలి అరబికా రకానికి నప్పింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు రెండేళ్ల ముందే అరకు కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణం తెరుచుకుంది. పేరు అంత దూరం వెళ్లింది గానీ దిగుబడి వెళ్లలేదు: ఎకరాకు వచ్చే గింజల్లో ఇక్కడి తోటలు కర్ణాటక తోటలకు చాలా వెనుకబడి ఉన్నాయి.

దానికి కారణాల్లో మొదటిది నీడ. అరబికా నీడ కోరే మొక్క. ఇక్కడ ఆ నీడ కోసం నాటింది ఎక్కువగా సిల్వర్ ఓక్, ఆస్ట్రేలియా చెట్టు. త్వరగా, నిటారుగా పెరుగుతుంది, మిరియాల తీగ పాకించడానికి వీలుగా ఉంటుంది. ఆ మేరకు దాని ఎంపిక సబబే. కానీ తోటంతా అదొక్కటే ఉంటే గాలివానకు అన్నీ కలిసి కూలతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటి కొండలెక్కినప్పుడు జరిగింది అదే: నీడ చెట్లు పడి కింది కాఫీని నలిపాయి, పడని చోట మొక్క ఎండకు బయటపడింది. ఎండ తగిలిన కాండమంటే తెల్ల కాండం తొలుచు పురుగుకు ఇష్టం. బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు కాండంలోకి దూరుతుంది, ఆ మొక్కను పీకి కాల్చడం తప్ప దారి ఉండదు. పనస, నేరేడు, మామిడి, ఇతర అడవి చెట్లు కలిసిన నీడకు ఖర్చు ఎక్కువ కాదు, ఓపిక ఎక్కువ. నర్సరీలు సిల్వర్ ఓక్ ఒక్కటే ఇస్తే రైతు ఇంకేం నాటగలడు?

2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయ తొలుచు పురుగు కూడా బయటపడింది. ఆడ పురుగు కాయ కొనకు రంధ్రం చేసి లోపల గుడ్లు పెడుతుంది. మందు లోపలికి చేరదు. చెట్టు మీద మిగిలినవీ నేల రాలినవీ కాయలన్నీ ఏరి, ఉడకబెట్టి నాశనం చేయడమే ప్రధాన నివారణ. ఒక రైతు ఏరి పక్క రైతు వదిలేస్తే ఫలితం సున్నా. అంటే ఇక్కడ పెట్టుబడి మందు డబ్బాల మీద కాదు, ఊరంతా కలిసి ఏరేందుకు అయ్యే కూలి మీద.

నాణ్యత దగ్గర కథ ఇంకోలా ఉంది. పండిన కాయను తెంపిన రోజే తోలు తీసి, జిగురు పోయేదాకా పులియబెట్టి, కడిగి, తేమ పది పన్నెండు శాతానికి దిగేదాకా ఆరబెడితే పార్చ్‌మెంట్ కాఫీ అవుతుంది, మంచి ధర వస్తుంది. కాయను అలాగే ఎండబెడితే చెర్రీ కాఫీ, ధర తక్కువ. కోత నవంబరు నుంచి జనవరి దాకా. అదే సమయంలో బంగాళాఖాతం తుపాన్లు వస్తాయి. నేల మీద ఆరబోసిన గింజ తడిసి బూజు పడితే ఏడాది కష్టం సగం ధరకు పోతుంది. ఒక ఊరికి సరిపడే, తోలు తీసే పల్పర్, కడగడానికి నీటి తొట్టె, ఎత్తుగా కట్టిన ఆరబెట్టే మంచెలు, పైన పారదర్శక కప్పు: ఇవి పెద్ద కర్మాగారాలేమీ కావు. మొక్కలు నాటడానికి పథకాలు చాలా వచ్చాయి. నాటాక పంటను నిలబెట్టే ఈ సామాను మీద పెట్టిన ఖర్చు ఇంకా చాలదు.

అప్పు సంగతీ చూడాలి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను సవరించిన 1970 నాటి ఒకటో నిబంధన, జనంలో 1/70గా పేరుపడ్డది, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకుంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న అటవీ భూమి మీద నాలుగు హెక్టార్ల దాకా హక్కు ఇస్తుంది. ఆ హక్కు వారసులకు పోతుంది, అమ్మడానికి కుదరదు. రైతుకు ఈ కవచం అవసరం. కాకపోతే అమ్మలేని భూమిని తనఖాగా బ్యాంకు లెక్కచేయదు. 2025 జనవరి నుంచి తనఖా లేని వ్యవసాయ రుణం పరిమితి 2 లక్షల రూపాయలకు పెరిగింది. చిన్న తోటకు ఇది సరిపోతుంది. అయితే కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, ఏడాదికి తీర్చాల్సిన పంట రుణం దానికి అతకదు. ఆ ఖాళీలోనే సంత షావుకారు ప్రవేశిస్తాడు, బయానా ఇచ్చి పంటను ముందే కొనేస్తాడు. ఒకప్పుడు గంజాయి వ్యాపారులు ఈ కొండల్లో నిలదొక్కుకున్నది కూడా ఇలా ముందస్తు డబ్బు ఇచ్చే.

ఎగుమతికి ఇంకో గడప ఉంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని కొనకూడదని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. అమలు తేదీ వాయిదా పడుతూ వచ్చినా, ప్రతి తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చూపాల్సి వస్తుంది. ఎకరం రైతు ఆ పని సొంతంగా చేయలేడు. సహకార సంస్థ ఖర్చుతోనే అది జరగాలి.

అదే ఐరోపా 1975లోనే కొండ రైతుకు వాలు వల్ల పడే అదనపు ఖర్చుకు పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆల్ప్స్ పచ్చిక బయళ్లలో సేద్యం నిలవడానికి ఆ డబ్బు ఒక ఆసరా. ఇక్కడ దానికి సమానమైన లెక్క నీటిది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నది తాటిపూడి జలాశయాన్ని నింపుతుంది, విశాఖ నగరం ఆ నీరు తాగుతుంది. కొండ వాలు మీద చెట్టు నిలిస్తేనే ఆ జలాశయంలో పూడిక తగ్గుతుంది. నగరం వసూలు చేసే నీటి చార్జీల్లో ఒక వాటా నీడ చెట్లు పెంచే రైతుకు, ఊరి పల్పర్‌కు, ఆరబెట్టే మంచెకు చేరేలా చూడటం దయ కాదు, నీటికి కట్టే ధరే. ఈ కొండల్లో ముందుగా పెట్టాల్సిన పెట్టుబడి అదే.